మార్పుకు మెట్లు కట్టేవాళ్ళతో నా పేచీ

మా అన్నయ్య కొడుకు అనంతపురంలో ఎంబీఏ చదువుతున్నాడు. ప్రాజెక్టు కోసం ఒక గూగుల్ ఫారం తయారుచేసి, ఉద్యోగాలు చేసే బంధువులందరికీ వాట్సాప్‌లో పంపించాడు. సంస్థల్లో మార్పు ఎలా తెస్తారన్నది వాడి టాపిక్. బాగానే నింపుకుంటూ వచ్చి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "మీ సంస్థలో మార్పు ప్రస్తుతం ఏ దశలో ఉంది?" కింద ఎనిమిది గడులు. ఒక్కదానికే టిక్ పెట్టాలి, రెండోది నొక్కితే మొదటిది పోతుంది. ఫోన్ చేస్తే, "అత్తా, ఏదో ఒకటి కొట్టేయ్. గైడ్ సారు మోడల్ ప్రకారమే పోవాలన్నాడు, నేనేం చేయాల?" అన్నాడు. వాడి మార్కులు నాకూ ముఖ్యమే కాబట్టి ఏదో ఒకటి కొట్టేశాను. కానీ మా దగ్గర నిజమైన జవాబు ఇలా ఉంటుంది: ఐసీయూలో ఆరో దశ, జనరల్ వార్డులో రెండోది, ఫార్మసీలో అసలు మొదలే కాలేదు, బిల్లింగ్‌లో ఎప్పుడో అయిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇది ఏ గడిలోనూ పట్టదు.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్స్ చూస్తాను. ఆపరేషన్స్ అంటే కత్తులూ కుట్లూ కాదు లెండి, డిశ్చార్జి ఆలస్యమైతే తిట్లు తినే ఉద్యోగం. కాగితం కేస్ షీట్ల నుంచి కంప్యూటర్‌లోకి మారే పని మా దగ్గర చాలాకాలంగా నడుస్తోంది. దానికి ఒక కన్సల్టెంట్, ఆయనకు ఒక పీపీటీ, అందులో మెట్లు. కోటర్ ఎనిమిది మెట్లు, లెవిన్ మూడు దశలు, అడ్కార్ అయిదు అక్షరాలు, అంటే సంస్థలో మార్పును దశలవారీగా ఎలా తేవాలో చెప్పే పేరున్న మోడళ్ళు, ఇక్కడ మళ్ళీ వివరించను, మేనేజర్ అనే పేరుతో ఎక్కడ పనిచేసినా ఏదో ఒక ట్రైనింగ్‌లో ఇవి మీ మీద పడే ఉంటాయి.

వాటిలో ఏ ఒక్క మెట్టూ తప్పని నేననను. తొందర ఎందుకో చెప్పాలి, కలిసొచ్చే మనుషుల్ని కూడగట్టాలి, ఎటు పోతున్నామో చెప్పాలి. ఎవరు కాదంటారు? నా పేచీ రెండు విషయాలతో. ఒకటి, వీటికి ఒక వరస ఉందనీ ఒకటి అయ్యాకే ఇంకొకటి అనీ నమ్మడం. రెండు, ఆ సమయానికి సంస్థలో మారుతున్నది ఇదొక్కటే, మిగతాదంతా కదలకుండా కూర్చుని ఉందనుకోవడం. ఈ రెండూ కలిసి, పని చెడినప్పుడు మోడల్ మీద మాట పడకుండా కాపాడి, నింద తీసుకెళ్ళి నైట్ డ్యూటీ సిస్టర్ నెత్తిన పెడతాయి. నాకు కోపం అక్కడ.

తప్పుల జాబితా మెట్లయింది

హార్వర్డ్ ప్రొఫెసర్ కోటర్ 1995లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం చదివి చూడండి. మెట్ల బొమ్మ కాదు, వ్యాసం. అందులో ఉన్నవి ఎనిమిది తప్పులు. వందకు పైగా కంపెనీలు మారాలని పడిన పాట్లు చూశానని, అవి ఎక్కడెక్కడ బోర్లా పడ్డాయో చెప్పాడు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చేసరికి ఆ ఎనిమిది తప్పులూ తిరగబడి ఎనిమిది మెట్లయ్యాయి. ఒక పని చెడడానికి ఎనిమిది కారణాలు కనిపిస్తే, ఆ ఎనిమిదీ రాకుండా చూసుకో అని చెప్పొచ్చు. ఈ వరసలో చేసుకుంటూ పో, పని అయిపోతుంది అని ఎలా చెప్తాం? జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూస్తే వరస కనిపించడం మామూలే. పెళ్ళి ఆల్బమ్‌లో అన్నీ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా ఉంటాయి. ముహూర్తానికి అర్ధగంట ముందు పురోహితుడి ఫోన్ స్విచాఫ్ అని ఎవరెవరు ఎటు పరుగెత్తారో అందులో ఉండదు. ఆ ఆల్బమ్ చేతిలో పెట్టి ఇదిగో ఇలా పెళ్ళి చెయ్యి అంటే ఎలా ఉంటుందో, నాకు ఆ మెట్ల స్లైడు అలా ఉంటుంది.

కోటర్‌కు అన్యాయం చేస్తున్నానేమో అని మళ్ళీ వెతికితే ఇంకో సంగతి దొరికింది. 2014 నాటికి ఆయనే ఆ ఎనిమిదింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా, అన్నీ ఒకేసారి, ఎప్పుడూ నడుస్తుండాల్సినవిగా మార్చి రాశాడు. మెట్టు దాటేస్తే వేగంగా పోతున్నామన్న భ్రమే మిగులుతుందని 1995లో హెచ్చరించిన మనిషే. అభిప్రాయం మార్చుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. మా కన్సల్టెంట్ పీపీటీకి మాత్రం ఆ వార్త ఇంకా చేరలేదు.

ఆ పీపీటీ మొదటి స్లైడులో ఎప్పుడూ ఒక అంకె ఉంటుంది. మార్పు ప్రయత్నాల్లో 70 శాతం ఫెయిలవుతాయని. ముందు భయపెట్టి తర్వాత మందు చూపించడం. 1993లో హామర్, చాంపీ అనే మేనేజ్‌మెంట్ రచయితలు రీఇంజనీరింగ్ (కంపెనీ పని పద్ధతులను మొదటి నుంచి తిరగరాయడం) గురించి రాస్తూ, ఇది శాస్త్రీయమైన లెక్క కాదని తామే చెప్పి 50 నుంచి 70 శాతం అని ఒక అంచనా వేశారు. 2011లో మార్క్ హ్యూస్ అనే ఆయన, ఆ 70 అచ్చులో కనిపించిన అయిదు చోట్లను పట్టుకుని పరిశీలించి, దేనికీ నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చాడు. సరే, నిజమే అనుకుందాం. ముప్పై ఏళ్ళుగా లోకమంతా ఇవే మెట్లు ఎక్కుతుంటే ఆ అంకె ఎందుకు తగ్గలేదు? అడిగితే "మెట్లు సరిగ్గా ఎక్కలేదు" అంటారు. పని అయితే మోడల్ గొప్ప, కాకపోతే ఎక్కినవాళ్ళ కాళ్ళ లోపం. ఇలాంటిదాన్ని తప్పని రుజువు చెయ్యడం బ్రహ్మ తరం కూడా కాదు.

లెవిన్ చేసింది వేరు

కరిగించు, మార్చు, గడ్డకట్టించు అనే మూడు దశలు మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ పేరు మీద చలామణీ అవుతున్నాయి. ఆయన 1947 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఈ మూడు దశల మాట ఆ ఏడాది అచ్చయిన వ్యాసంలో ఒక మూల వస్తుంది. దాన్ని పట్టుకుని ఒక పెద్ద సిద్ధాంతంలా నిలబెట్టినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళని కమింగ్స్, బ్రిడ్జ్‌మన్, బ్రౌన్ అనే పరిశోధకులు 2016లో వివరంగా రాశారు.

లెవిన్ నిజంగా చేసిన పని నాకు ఆ బొమ్మ కంటే ఎక్కువ నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మాంసం కొరత. గుండె, కిడ్నీల్లాంటివి కూడా వండమని అమెరికా గృహిణులకు నచ్చజెప్పాలి. (బోటీ కూర అంటే ఆదివారం పొద్దున్నే క్యూ కట్టే మన సీమవాళ్ళకు ఆ కష్టమేమిటో అర్థం కాకపోవచ్చు.) కొందరికి ఉపన్యాసం ఇచ్చారు. కొందరిని కూర్చోబెట్టి వాళ్ళలో వాళ్ళనే మాట్లాడుకుని తేల్చుకోమన్నారు. తర్వాత చూస్తే ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం వండారు, మాట్లాడుకున్నవాళ్ళలో 32 శాతం. 1948లో వర్జీనియాలోని ఒక పైజమాల ఫ్యాక్టరీ గురించి కోచ్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు రాసినదీ ఇదే దారి. పని పద్ధతి మారుతోందని చెప్పి ఊరుకున్న గుంపులో 40 రోజుల్లో 17 శాతం మంది ఉద్యోగం మానేశారు. అందరూ కూర్చుని పద్ధతి తేల్చుకున్న గుంపుల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి మునుపటి కంటే పెరిగింది కూడా.

రెండు చోట్లా తేడా తెచ్చింది మాట్లాడేచోట ఎవరు కూర్చున్నారన్నదే. అయితే అవి చిన్న చిన్న గుంపులు, ఒక ఫ్యాక్టరీ, వేరే దేశం, వేరే కాలం. అది పట్టుకుని "అందరినీ కూర్చోబెట్టు" అని నేనొక తొమ్మిదో మెట్టు కడితే నాకూ కన్సల్టెంట్‌కూ తేడా ఏముంటుంది?

కోడుమూరు బస్సు

సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజుల్లోనే మా దగ్గర మూడు షిఫ్టులు తీసేసి రెండు చేశారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది, మళ్ళీ ఎనిమిది నుంచి ఎనిమిది. వేలిముద్ర హాజరు కూడా అప్పుడే పెట్టారు. మేనేజ్‌మెంట్ లెక్కలో ఇవి మూడు ప్రాజెక్టులు, మూడు ఫైళ్ళు, చూసేవాళ్ళు కూడా వేర్వేరు. వార్డులో నిలబడ్డ సిస్టర్‌కు మాత్రం మూడూ ఒకటే.

కన్సల్టెంట్ స్టాఫ్‌తో ఒక సర్వే నింపించారు. ఫలితం: కొత్త సిస్టం మీద వ్యతిరేకత ఎక్కువ. దాన్ని తగ్గించడానికి ఒక మోటివేషన్ క్లాసు పెట్టారు. అందులో ఒక వంపు తిరిగిన గీత చూపించి, మార్పు వచ్చినప్పుడు మనిషి ముందు ఒప్పుకోడు, తర్వాత కోపం తెచ్చుకుంటాడు, తర్వాత కుంగిపోతాడు, చివరికి ఒప్పుకుంటాడు అని చెప్పారు. కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో చావుకు దగ్గరైన రోగుల గురించి రాసిన దశలు అవి. ఐసీయూలో వారానికి ఎన్ని చావులు చూస్తారో వాళ్ళకే తెలియాలి, అలాంటి సిస్టర్లకు సాఫ్ట్‌వేర్ గురించి ఈ గీత చూపిస్తే నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వుల మధ్యలో కోడుమూరు నుంచి వచ్చే ఒక సిస్టర్ లేచి, "సార్, ఎనిమిదికి వేలు పెట్టేసినాక కూడా ఎంట్రీలు కొట్టుకుంటా కూచుంటే మా ఊరి బస్సు పోతాది. నాకు కంప్యూటర్ మీద కోపమేం లేదు" అంది.

అంతే విషయం. కాగితం ఉన్నప్పుడు బెడ్ బెడ్‌కూ తిరుగుతూనే రాసేసేవాళ్ళు. ఇప్పుడు వార్డుకు ఒక్క కంప్యూటర్, షిఫ్టు అయ్యాక దాని ముందు వరస. పాత షిఫ్టులో ఆలస్యమైనా బస్సులుండేవి. ఎనిమిది దాటితే ఉండవు. మూడింటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆమె సర్దుకునేది. మూడూ కలిసి మీద పడ్డాయి. ఇంకో కంప్యూటర్ పెట్టి, హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టువాళ్ళకు పని అప్పగించడం) ఏడున్నరకే మొదలుపెట్టాక సర్వేలో చూపించిన వ్యతిరేకత సగం ఎటు పోయిందో తెలియదు.

ఇక్కడ కోటర్ పక్షాన ఎవరైనా వాదించొచ్చు. అడ్డంకులు తీసెయ్యమని అయిదో మెట్టు చెప్తూనే ఉంది కదా, బస్సు ఒక అడ్డంకి, తీసేశారు, మోడల్ పనిచేసింది అని. నేనూ చాలాసేపు అదే ఆలోచించాను. కానీ ఆ అడ్డంకి ఎక్కడి నుంచి వచ్చింది? షిఫ్టుల ప్రాజెక్టు తన మెట్లన్నీ చక్కగా ఎక్కింది. గడువులోపల పూర్తయింది, ఫైలు మూసేశారు. దాని విజయమే దీనికి అడ్డం. ఒక్కో ఫైలుకు ఒక్కో నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్ళకు పక్క నిచ్చెన ఎవరి కాలి మీద ఆనించారో కనబడదు. పైగా అయిదో మెట్టుకు వచ్చేలోపు, సర్వే పుణ్యమా అని ఆమె పేరు అప్పటికే "వ్యతిరేకించేవాళ్ళు" అనే జాబితాలో చేరిపోయింది. ఆ జాబితాలోంచి పేరు తీయించడానికి నేను పడ్డ కష్టం సాఫ్ట్‌వేర్ తేవడానికి కూడా పడలేదు.

కేకు, నోట్‌బుక్

ఆరో మెట్టు చిన్న చిన్న విజయాలు చూపించమంటుంది. మా దగ్గర ఒక వార్డును పేపర్‌లెస్ అని ప్రకటించి కేకు కోశారు, ఫొటో స్టాఫ్ గ్రూపులో పెట్టారు. ఫొటోలో అందరూ నిలబడ్డ కౌంటర్ కింద పొడుగు నోట్‌బుక్ అలాగే ఉంది.

ఆ నోట్‌బుక్‌లో మందుల వివరాలు ఉండవు, అవి కంప్యూటర్‌లోకి బుద్ధిగానే వెళ్తున్నాయి. ఉండేవి వేరే సంగతులు. కర్నూలు ఆసుపత్రులకు రాయచూరు, గద్వాల వైపు నుంచి కూడా జనం వస్తారు. ఫలానా బెడ్ ముసలాయనకు కన్నడ తప్ప రాదు, కొడుకు పొద్దున వస్తాడు. ఫలానా ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఈ పేషెంటు తోడుగా ఉన్నవాళ్ళు సాయంత్రం ఊరికి పోతారు, సంతకాలు ఏమైనా ఉంటే ముందే పెట్టించుకోండి. వీటికి సాఫ్ట్‌వేర్‌లో చోటు లేదు. ఈ నోట్‌బుక్ పాత అలవాటు వదలలేకపోవడం అని తేల్చి, అన్నీ తీసేసుకున్నారు. ఏమైంది? సిస్టర్లు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. రోగుల వివరాలు నోట్‌బుక్‌లో ఉన్నప్పుడే నయం. కొందరైతే ఇంకా తెలివిగా, ఎర్ర రంగులో పైనే కనబడుతుందని అలర్జీ గడిలో రాయడం మొదలుపెట్టారు. ఒక రౌండ్స్‌లో డ్యూటీ డాక్టర్ స్క్రీన్ చూసి, "ఏమయ్యా ఈయనకు కన్నడ అలర్జీనా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ చాలా ప్రమాదం. అలర్జీ గడిలో చెత్త పేరుకుంటే నిజమైన పెన్సిలిన్ అలర్జీ కంటికి ఆనదు. ఆ భయంతోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడిని పిలిచి ఇంకో గడి పెట్టించాం. హ్యాండోవర్ అని పేరు, ఏమైనా రాసుకోవచ్చు. నోట్‌బుక్ వద్దని మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని రాలేదు. అసలు మార్పు జరిగింది అప్పుడే. అది ప్లాన్‌లో ఎక్కడా లేదు.

వాండా ఓర్లికోవ్‌స్కీ అనే పరిశోధకురాలు 1996లో దాదాపు ఇలాంటి కథే రాసింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్లకు సాయం చేసే విభాగం, ఫోన్‌లో వచ్చే సమస్యలను నమోదు చేసుకునే కొత్త సిస్టం. రెండేళ్ళు గమనిస్తే, పెద్ద మార్పులన్నీ ఉద్యోగులు రోజూ చేసుకున్న చిన్న సర్దుబాట్లు ఒకదాని మీద ఒకటి చేరి వచ్చినవేనట. చదివాక మా సిస్టర్లకు చెప్పాలనిపించింది, కానీ అప్పటికి షిఫ్టు మారే టైం.

మరి ఆపరేషన్ థియేటర్ మాటేమిటి?

మా పెద్ద డాక్టరు గారు సర్జన్. నా గొడవంతా విని, "చెక్‌లిస్టు లేకుండా నేను కత్తి పట్టుకోనమ్మా. నువ్వు వరసే వద్దంటావు" అన్నారు. నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి దిగాయని 2009లో ఫలితాలు వచ్చాయి. అంతకంటే మంచి సాక్ష్యం ఏ మేనేజ్‌మెంట్ మెట్లకూ లేదు.

అయితే కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రులు అదే చెక్‌లిస్టు మొదలుపెట్టాక ఏమైందో 2014లో వచ్చింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అదే కాగితం, అవే ప్రశ్నలు. మత్తు ఇచ్చాకే కోత పెట్టాలన్న వరస శరీరం పెట్టింది, దాన్ని ఎవరూ మార్చలేరు. ఒక థియేటర్‌లోని మనుషులు ఆ చెక్‌లిస్టును తమదిగా చేసుకుంటారా, లేక ఆఖర్న అన్నీ ఒకేసారి టిక్కులు కొట్టేస్తారా అన్నదానికి అలాంటి వరస లేదు. మొదటిదాన్ని చూపించి రెండోదానికి మెట్లు కట్టడమే నాకు మింగుడు పడనిది.

మా అన్నయ్య కడపలో గ్రామీణ బ్యాంకులో పనిచేశాడు. 2006లో రాయలసీమ, శ్రీ అనంత, పినాకిని గ్రామీణ బ్యాంకులు కలిసి కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి అయ్యాయి. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి అమరావతి కేంద్రంగా ఒక్కటయ్యాయి. ఖాతాలు ఒక సిస్టం నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు మెట్లు కావాల్సిందే, అక్కడ వరస తప్పితే జనం డబ్బుల లెక్క తప్పుతుంది. కానీ లెవిన్ పేరుతో చెప్పే ఆ గడ్డకట్టించే దశ ఎప్పుడొచ్చిందని అన్నయ్యను అడిగాను. కోర్ బ్యాంకింగ్, జన్ ధన్, నోట్ల రద్దు, యూపీఐ అని వేళ్ళు మడిచి, "గడ్డకట్టేంత టైం మాకెవరిచ్చినారే?" అన్నాడు. వైక్, క్విన్ అనే పరిశోధకులు 1999లో ఇలాంటి సంస్థల కోసం ఆ వరసనే తిప్పి రాశారు. ఎప్పుడూ కదులుతూ ఉండే చోట ముందు ఒక్క క్షణం ఆపి ఏం జరుగుతోందో చూడు, సర్దు, మళ్ళీ కదలనియ్యి అని. ఇది కూడా మూడు దశలే కదా అంటే, అవును, మూడు దశలే. కనీసం చూడమనే మాటతో మొదలవుతుంది.

నాకు ఇప్పటికీ గట్టి జవాబు దొరకని వాదన ఒకటుంది. అది మా స్టాఫ్ వైపు నుంచే వచ్చింది. మెట్లు కాగితం మీద ఉంటే కింద పనిచేసేవాళ్ళకు అడగడానికి ఒక పట్టు దొరుకుతుంది. ట్రైనింగ్ ఇస్తామని నాలుగో మెట్టులో రాశారు, ఏదీ ట్రైనింగ్ అని ఒక వార్డ్ బాయ్ ఆ పీపీటీ ప్రింటవుటే పట్టుకొచ్చి నన్ను నిలదీశాడు. ప్లాన్ లేకపోతే పైవాళ్ళు తమకు తోచినట్టు చేస్తారు, తర్వాత అదే ప్లాన్ అంటారు. ఈ వాదన ముందు నా పేచీ కొంత మెత్తబడుతుంది. అందుకే కాగితం చింపెయ్యమని నేనడగడం లేదు.

డాక్టరు గారి చివరి ప్రశ్న కూడా న్యాయమైనదే. "మెట్లు తీసేస్తే, నేను పెట్టిన డబ్బుకు పని ఎంతదాకా వచ్చిందో ఎట్లా తెలుస్తాదమ్మా?" వచ్చే నెల ల్యాబ్ రిపోర్టులు కంప్యూటర్‌లోకి వెళ్తాయి. దాని ప్లాన్‌లో దశల పట్టిక బదులు ఒక్క పేజీ పెట్టమని అడిగాను, ప్రతి వారం ల్యాబ్ వాళ్ళే నింపాలి. ఇప్పుడు ఇక్కడివాళ్ళకు ఇది కాక ఇంకా ఏమేం మారుతున్నాయి. సిస్టంలో చోటు లేని విషయాలు ఎక్కడ రాసుకుంటున్నారు. స్క్రీన్ మీద ఒక గడి మార్చాలంటే ఎవరిని అడగాలి, అడిగాక ఎన్నాళ్ళు పట్టింది. కన్సల్టెంట్ ఆ పేజీ చదివి, "బాగుంది మేడం, ఇది మన నాలుగో మెట్టు కింద వస్తుంది" అన్నారు. డాక్టరు గారు ల్యాబ్ వరకు ఒప్పుకున్నారు. బిల్లింగ్‌కు మాత్రం పాత పీపీటీయే.